ఊట దగ్గరి నుంచి కుండ దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీటి గురించే. అవి కూడా ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల పల్లెల నుంచి, అంటే వంశధార, మహేంద్రతనయ నదులకు నీటిని పంపే కొండవాలుల నుంచి వచ్చినవి. ఒక్కటి మాత్రం నదికి దిగువన, సరిహద్దుకు ఆంధ్ర వైపున ఉన్న భామిని మండలం నుంచి వచ్చింది. ఉత్తరాలను కుదించి అచ్చు వేస్తున్నాము. రాసినవారి పేర్లను, ఊళ్ల పేర్లను వారి కోరిక మేరకు వదిలివేశాము.

చాలామంది తమ ఉత్తరాన్ని "ఏ మందు కలపమంటారు, ఏ యంత్రం కొనమంటారు" అన్న ప్రశ్నతో ముగించారు. నీరు పాడయ్యే చోట్లు నాలుగున్నాయి: పుట్టిన చోట, గొట్టంలో, ట్యాంకులో, చివరకు మన ఇంటి కుండలో. వాటిలో ఏది మీ ఊరి చోటో తేలకముందే మందుకు డబ్బు పెట్టడం నాడి చూడకుండా మాత్ర మింగించడం వంటిది. అందుకే కింది జవాబుల్లో మందుల కంటె పరీక్షలు ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రశ్న: గుమ్మ బ్లాకులో కొండ అడుగున ఉన్న మా ఊళ్లో సవర కుటుంబాలు, తెలుగు కుటుంబాలు కలిపి నూటఇరవై గడపలు, సుమారు 540 మంది జనం ఉన్నాము. కొండ మీది ఊట దగ్గర తొట్టి కట్టి, మోటారు అవసరం లేకుండా గొట్టం ద్వారా ఇంటింటికీ నీళ్లు తెచ్చారు. సంక్రాంతి వరకు ఏ ఇబ్బందీ లేదు. ఉగాది దాటిన తరువాత కింది వీధివారు కుళాయిలు తిప్పితే పై వీధికి చుక్క రాదు, కుళాయి బుస్సుమని గాలి వదులుతుంది. రోజూ తగాదాలే. ఊట ఎండిపోతోంది, బోరు వేయించుకోండి అని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బోరు సంగతి తరువాత చూద్దాము. మీ ఊట ఎంత ఇస్తోందో మీ ఊళ్లో ఎవరైనా ఎప్పుడైనా కొలిచారా? మీ ఉత్తరంలో "బాగా వస్తాయి", "రావు" అన్న మాటలే ఉన్నాయి కాని ఒక్క అంకె కూడా లేదు. పది లీటర్ల బకెట్టు ఒకటి, సెకన్లు చూపే ఫోను ఒకటి చాలు. ఊట నీరంతా ఒక్క ధారగా పడే చోట బకెట్టు పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూసి, సగటు రాసుకోండి. ఉదాహరణకు జనవరిలో బకెట్టు 15 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు, రోజుకు 57,600 లీటర్లు వస్తున్నట్టు లెక్క. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. ఆ లెక్కన మీ 540 మందికి 29,700 లీటర్లు సరిపోతాయి కాబట్టి, దాదాపు సగం నీరు గెడ్డలోకి (కొండ వాగులోకి) పోయినా ఎవరికీ లోటు తెలియదు. అదే బకెట్టు మే నెలలో 50 సెకన్లకు నిండిందనుకోండి. అప్పుడు రోజుకు వచ్చేది 17,280 లీటర్లు, తలకు 32 లీటర్లు. ఇది తక్కువే, కాని ఎండిపోవడం మాత్రం కాదు. కుళాయిలు రాత్రంతా కారిపోతూ, తొట్టి నిండకముందే ఖాళీ అవుతూ ఉంటే ఈ 32 లీటర్లు కూడా అందవు. రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాన వాల్వు కట్టివేసి తెల్లవారి అయిదు గంటలకు తెరిస్తే, గంటకు 720 లీటర్ల చొప్పున తొమ్మిది గంటలలో 6,480 లీటర్లు నిలవ ఉంటాయి. మీ తొట్టి అంత పట్టుతుందా అన్నది చూడవలసిన రెండవ విషయం. చాలా ఊళ్లలో తొట్టిని జనవరి నీటిని చూసి కట్టారు గనుక అది చిన్నదిగా ఉండిపోయింది.

పై వీధి, కింది వీధి తగాదాకు మనుషుల స్వభావం కంటె కొండ వాలు ఎక్కువ కారణం. గొట్టంలో నీరు పది మీటర్లు కిందికి దిగితే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల కింది వీధి కుళాయి తెరవగానే నీరంతా అటే పరుగెత్తుతుంది, పై వీధి గొట్టంలో నీటికి బదులు గాలి చేరుతుంది. మీరు విన్న బుస అదే. రెండు వీధులకు వేరువేరు వాల్వులు పెట్టించి, ముందు పై వీధికి, తరువాత కింది వీధికి వేళ ప్రకారం వదలడం ఒక దారి. కింది వీధి గొట్టం మొదట్లో వాల్వును సగం మాత్రమే తెరచి ఉంచడం మరొక దారి. అయితే ఆ వాల్వు తాళం ఎవరి దగ్గర ఉండాలో ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి. ఊటకూ ఊరికీ మధ్య ఎత్తు తేడా అరవై మీటర్లు మించితే, మామూలుగా వాడే ఆరు కిలోల తరగతి నల్ల ప్లాస్టిక్ గొట్టం ఆ ఒత్తిడిని తట్టుకోలేక అతుకుల దగ్గర విడిపోతుంది. దారిలో ఎక్కడైనా చిన్న తొట్టి కట్టి, నీటిని అందులో పడనిచ్చి, అక్కడి నుంచి మళ్లీ కొత్తగా దింపితే ఆ ఒత్తిడి విరిగిపోతుంది. మీ గొట్టం ఏటా ఒకే చోట పగులుతూ ఉంటే కారణం ఇదే అయి ఉండవచ్చు.

ఇక ఊట తగ్గడం గురించి. మన తూర్పు కనుమలలో ఎక్కువగా ఉండే రాయి ఖొండలైటు. కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరునే భూగర్భ శాస్త్రవేత్తలు దానికి పెట్టారు. పైన శిథిలమై మెత్తబడిన పొర వాన నీటిని స్పంజులా పట్టుకుంటుంది, అడుగున గట్టి రాయి దాన్ని దిగనివ్వదు, ఆ రెండూ కలిసే అంచు కొండవాలులో ఎక్కడ బయటపడితే అక్కడ ఊట పుడుతుంది. కాబట్టి ఊట దగ్గర చెట్లు నాటినంత మాత్రాన ఊట పెరగదు. ఆ నీరు ఇంకే చోటు పైన ఎక్కడో ఉంటుంది. రాతి పొరలు అటు వాలి ఉంటే కొండ అవతలి వాలులో, మరో ఊరి పొలిమేరలో కూడా ఉండవచ్చు. సిక్కిం ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ధారా వికాస్ (ఎండుతున్న ఊటలను మళ్లీ పెంచే పథకం) పనులలో నేర్చుకున్న ప్రధాన పాఠం ఇదే: ముందు ఇంకే చోటును వెతికి పట్టుకోవాలి, తరువాతే కందకాలు తవ్వాలి. పై వాలులో పోడు నరికి మంట పెట్టిన చోట, ఆకు అలం లేని నేల మీద, వాన నీరు ఇంకకుండా ఎర్రమట్టితో సహా గెడ్డలోకి దిగిపోతుంది. అక్కడ వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, అడుగున్నర లోతు కందకాలు తవ్వి, మట్టిని దిగువ గట్టున వేయాలి. ఉపాధి పనుల కింద వేసవిలో దీనిని చేయించుకోవచ్చు. పోడు చేసే కుటుంబాలను దోషులుగా నిలబెట్టి ఈ పని జరగదు; వారు లేని సమావేశంలో కందకం ఎక్కడ తవ్వాలో తేలదు.

బోరు అవసరమైతే ఊరికి దిగువ పల్లంలో వేయించండి. ఊటకు దగ్గరగా, ఎగువన వేస్తే అదే నీటిని మరొక దారిన లాగివేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కాశీనగర్ దగ్గర మా పల్లెలో బోరింగు నీళ్లు పట్టిన గంటకే ఎర్రబారతాయి. టీ పెడితే నల్లగా, సిరా కలిపినట్టు అవుతుంది. అన్నం పసుపు రంగుకు తిరుగుతోంది. అత్తగారు ఆ నీళ్లు విషమని చెప్పి గెడ్డలో చెలమ తీసి నీళ్లు తెమ్మంటున్నారు. ఏది మంచిది?

జవాబు: మీ అత్తగారి కన్ను తప్పు చూడలేదు, కాని ఆవిడ ఎంచుకున్న దారి ఎక్కువ ప్రమాదకరమైనది. ఆ రంగు ఇనుముది. టీ ఆకులోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. జామ ఆకు నలిపి గ్లాసులో వేసినా నీరు ఊదా నలుపుకు తిరుగుతుంది. పల్లెల్లో ఎప్పటి నుంచో చేస్తున్న ఈ పరీక్ష రసాయనపరంగా సరైనదే. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఇనుముకు పెట్టిన హద్దు లీటరుకు ఒక మిల్లీగ్రాము. అది దాటితే రుచి చెడుతుంది, బట్టలు మరకలు పడతాయి, గొట్టాలు పూడుకుపోతాయి; కాని ఆ నీరు తాగినవారికి రేపు వాంతులు, విరేచనాలు పట్టవు. చెలమ నీరు తేటగా, తీయగా ఉంటుంది, కాని పైన పశువులు దిగిన, బహిర్భూమికి వెళ్లిన నేల మీద నుంచి వచ్చిన వాన నీరే అక్కడికి చేరుతుంది. 2007లో రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో కలరా వ్యాపించి ఎన్నో ప్రాణాలు తీసినప్పుడు, కొండ పల్లెల్లో రక్షణ లేని నీటి వాడకమే చర్చకు వచ్చింది. నీటి తేటదనం చూసి దానిని మంచి నీరని నమ్మడం మన పెద్ద పొరపాటు.

అయితే ముందు ఒక తేడా తెలుసుకోండి. తెల్లవారి మొదటి బిందె పట్టినప్పుడే నీరు ఎర్రగా ఉండి, నాలుగయిదు బిందెలు కొట్టిన తరువాత తేటపడితే, ఆ ఎరుపు బోరింగు లోపలి ఇనుప గొట్టాల తుప్పు, గొట్టాలు మార్పించాలి. అలా కాక, పట్టినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలిన గంటకు ఎర్రబారితే అది నేలలోని ఇనుము. మీరు రాసినది రెండవ రకం. దానికి గాలే మందు. నీటిని ఒక బిందెలో నుంచి మరొక బిందెలోకి ఎత్తు నుంచి అయిదారుసార్లు తిరగబోసి, రాత్రంతా కదలకుండా ఉంచితే ఇనుము ఎర్రటి మడ్డిగా అడుగుకు చేరుతుంది. పై నీటిని, బాగా కడిగిన ఇసుక మందంగా పరచిన, అడుగున సన్న రంధ్రమున్న కుండలో నుంచి వడకట్టండి. ఇసుక పైపొరను పదిహేను రోజులకొకసారి తీసి కడగాలి. ఈ పనిని బడిలో పెద్ద తొట్టి కట్టి ఊరికంతటికీ చేయించుకోవడం ఇంకా మేలు. పటిక వేయవద్దు, ఇక్కడ దాని అవసరం లేదు.

ప్రశ్న: నేను గుణుపురం వైపు ఒక పల్లెలో అంగన్‌వాడీ నడుపుతున్నాను. మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉంది. ట్యాంకు నీళ్లు పరీక్షకు పంపితే బాగున్నాయని కాగితం వచ్చింది. అయినా వానాకాలం మొదలయ్యేసరికి పిల్లలకు విరేచనాలు తప్పడం లేదు. కాగితం అబద్ధమా?

జవాబు: కాగితం నిజమే అయి ఉండవచ్చు. అది చెప్పినది ట్యాంకులోని నీటి గురించి. మీ పిల్లలు తాగుతున్నది గొట్టం చివరి నీరు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో చూడడానికి ఒక రోజు నీళ్లు వదిలే వేళకు ముందే వీధి వెంబడి నడిచి చూడండి. నీటి ఒత్తిడి చాలదని కుళాయి స్తంభాన్ని నరికి, నేలలో రెండడుగుల గొయ్యి తీసి, ఆ గోతిలో నుంచి నీరు పట్టుకునే ఇళ్లు మీ వీధిలో ఎన్ని ఉన్నాయి? అంట్ల నీరు, కోళ్లు తొక్కిన మట్టి, వాన పడితే మురుగు, అన్నీ ఆ గోతిలోకే. నీళ్లు వస్తున్నంతసేపు గొట్టంలో ఒత్తిడి బయటికి ఉంటుంది గనుక బయటి మురికి లోపలికి రాదు. రోజుకు ఒక గంట వదిలి ఇరవైమూడు గంటలు ఆపేస్తే, ఖాళీ అవుతున్న గొట్టం మూత లేని ప్రతి కుళాయి నుంచి, కారుతున్న ప్రతి అతుకు నుంచి, పక్కనున్నది ఏదైతే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఎవరైనా గొట్టానికే నేరుగా మోటారు తగిలించి లాగితే ఈ పీల్పు ఇంకా ఎక్కువ. మరునాడు వచ్చే మొదటి బిందె ఆ నీరే. పంపు తోలిన వెంటనే మొదటి బిందెను పట్టుకోవడానికి పోటీ పడతాము. నిజానికి దానిని మొక్కలకు పోయాలి.

కాబట్టి నమూనా ట్యాంకు దగ్గర ఒకటి, వీధి చివరి ఇంట్లో ఒకటి, ఆ ఇంటి కుండలో నుంచి ఒకటి, మూడూ ఒకే రోజు తీయించండి. దీనికి రెండు చవక పరీక్షలు ఉన్నాయి. ఒకటి క్లోరిన్ పరీక్ష: చిన్న గాజు గొట్టంలో నీరు పోసి మందు చుక్కలు వేస్తే వచ్చే పసుపు రంగును పెట్టెలోని రంగులతో పోల్చి చూస్తారు. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర రంగు వచ్చి, చివరి ఇంట్లో నీరు తెల్లగానే ఉంటే, దారిలో ఏదో మురికి ఆ క్లోరిన్‌ను తినివేసిందని అర్థం. రెండవది మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసా. అందులో గీత వరకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మల సంబంధమైన మురికి ఉన్న నీరు నల్లబడుతుంది. అంగన్‌వాడీ గోడకు ఆ నల్ల సీసాను, పక్కన తేట సీసాను వేలాడదీయండి. తల్లులకు ఉపన్యాసం అవసరం ఉండదు.

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు స్త్రీలకు ఈ పరీక్షలు నేర్పి కిట్టు ఇవ్వాలి. కిట్టు వచ్చిందో లేదో, వస్తే ఎవరి ఇంట్లో ఉందో అడగండి. సీలు కూడా విప్పని కిట్టు బీరువాలో గడువు తీరిపోవడం నేను నా కళ్లతో చూశాను. మూడు నమూనాలలో కుండదే నల్లబడితే మాత్రం గొట్టాన్ని తిట్టి లాభం లేదు. చేయి ముంచకుండా పొడవు కాడ గరిటెతో తీసుకోవడం, కుండకు మూత, పిల్లల మలం శుభ్రం చేసిన చేతిని సబ్బుతో కడగడం, ఇవే చేయవలసినవి.

ప్రశ్న: (భామిని మండలం) వరద వచ్చినప్పుడల్లా మా నేల బావి మునిగిపోతుంది. బ్లీచింగ్ పొడి ఎంత వేయాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. సరైన లెక్క ఏది?

జవాబు: బావి వెడల్పును మీటర్లలో కొలిచి దానిని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉంటే 9,420 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పొడి సరిపోతుంది కాబట్టి ఆ బావికి 24 గ్రాములు. కిరాణా కొట్టు కాటా మీద తూయించండి. వరద తరువాత అది చాలదు. ముందు చెత్త తీసి, బురద నీటిని తోడివేసి, కొత్తగా ఊరిన నీటికి రెండింతలు వేసి, గంట తరువాత క్లోరిన్ పరీక్ష చేయించి, రంగు రాకపోతే మళ్లీ వేయాలి. పొడిని నేరుగా బావిలో చల్లవద్దు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, నీరు పోసి కలియబెట్టి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేటను మాత్రమే మరొక బకెట్టులో వంచి, దానిని తాడుతో బావి అడుగు దాకా దించి నీటిలో పైకీ కిందికీ ఆడించాలి. అడుగున మిగిలిన సున్నం పారవేయండి. ఈ పని రాత్రి చేస్తే తెల్లవారేసరికి నీరు వాడకానికి సిద్ధంగా ఉంటుంది. తెరిచి ఉంచిన సంచిలోని పొడికి బలం పోతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత, చెమ్మగిల్లి గడ్డ కట్టిన పొడిని బావుల్లో వేసి, వాసన వచ్చింది గదా అని నిశ్చింతగా ఉన్నవారిని చూశాను. బావి బాగయ్యే వరకు ఇంట్లో ఇరవై లీటర్ల బిందెకు అర గ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి వేసి, అరగంట ఆగి తాగండి.

ప్రశ్న: ఉద్దానంలో కిడ్నీ జబ్బు నీటి వల్లనే వస్తోందంటారు. మాది పర్లాకిమిడి. మాకూ వస్తుందా?

జవాబు: శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అని పిలిచే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాల్లో ఆ జబ్బు ఎక్కువగా ఉన్నదన్నది నిజం. నీరు, ఎండలో శ్రమ, పురుగు మందులు వంటి అనేక విషయాలను పరిశోధకులు పరిశీలించారు గాని, ఇదే కారణమని ఒక్కటి రుజువు కాలేదు. మందసకు, మీకు మధ్య దూరం తక్కువని భయపడనవసరం లేదు. భయం ఉన్నచోట ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, ఒళ్లు నొప్పుల మాత్రలు డాక్టరు చీటీ లేకుండా మింగడం మానండి. ఉద్దానానికి మంచి నీరు ఇవ్వడానికి సుమారు 700 కోట్ల రూపాయలతో చేపట్టి 2023 డిసెంబరులో ప్రారంభించిన పథకం హిరమండలం జలాశయం నుంచి, అంటే వంశధార నీటినే తీసుకుంటుంది. గుణుపురం, కాశీనగర్ మురుగు కాలువలు కలిసే నది అదే. అక్కడి వారి నీటి గురించి మీరు అడిగినట్టే, ఎగువన ఉన్న మన ఊళ్ల మురుగు గురించి వారూ అడగవచ్చు.

ప్రశ్న: ఊట నుంచి గొట్టం అడవి భూమిలో నుంచి రావాలి. అటవీ శాఖ అనుమతి లేదని పని ఆగింది. పైగా మాకు ఒడియా చదవడం రాదు, తెలుగులో రాసిన అర్జీని అధికారులు తీసుకోము అంటున్నారు. దారి ఏమిటి?

జవాబు: 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షను రెండవ ఉపవిభాగం చదివించుకోండి. బడి, అంగన్‌వాడీ, తాగునీటి సరఫరా, నీటి గొట్టాలు మొదలైన 13 రకాల అవసరాలకు ప్రభుత్వం నిర్వహించే పని అయితే, ఒక్కొక్క దానికి ఒక హెక్టారు లోపు అడవి భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చునని అందులో ఉంది. కాబట్టి మీకు మొదట కావలసినది గ్రామసభ తీర్మానం. గొట్టం ఎంత పొడవు, ఎంత వెడల్పు కందకం, ఎన్ని చెట్లు అడ్డువస్తాయి అన్నవి తీర్మానంలోనే అంకెలుగా రాయించండి. "అనుమతి ఇవ్వగలరు" అన్న ఒక్క వాక్యంతో పంపే తీర్మానం తిరిగి వస్తుంది. ఒడిశాలో రెవెన్యూ గ్రామం స్థాయిలో జరిగే పల్లి సభ ఏటా ఫిబ్రవరిలో కూడాలని చట్టం. నీటి పనుల జాబితా అక్కడే తయారవుతుంది కాబట్టి, ఆ రోజు కూలికి వెళ్లకుండా ఊళ్లో ఉండండి.

భాష విషయం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడే ఏ భాషలోనైనా ఎవరైనా తమ ఫిర్యాదును అధికారికి ఇచ్చుకోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలై, ఒడిశా వైపు మిగిలిన మన వాళ్లు ఈ హక్కును ఎక్కువగా మాటల్లోనే వాడుకున్నారు. తెలుగు అర్జీని తీసుకోకపోతే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అయినా నా సలహా వేరు: మీ పిల్లలు ఒడియా బడిలోనే చదువుతున్నారు గదా, తెలుగు అర్జీ కింద వారి చేత ఒడియాలో రాయించి రెండూ జతచేయండి. హక్కు నిలబెట్టుకోవడం ఒక పని, వానలు మొదలవకముందే గొట్టం వేయించుకోవడం మరొక పని. సమాచార హక్కు కింద పథకం అంచనా నకలు అడగాలంటే మాత్రం దరఖాస్తు ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉండాలి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ప్రశ్న: ఫిల్టరు అమ్మే కుర్రాడు మా కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెడితే నీళ్లు గోధుమ రంగు మడ్డి అయ్యాయి. తన యంత్రం నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. కొనమంటారా?

జవాబు: ఆ మడ్డి నీటిలోది కాదు, ఆ ఇనుప కడ్డీ కరిగి వచ్చింది. లవణాలు ఉన్న నీటిలో కరెంటు ప్రవహిస్తుంది, కడ్డీ కరుగుతుంది. యంత్రం లవణాలు తీసేసిన నీటిలో కరెంటు పారదు, కడ్డీ కరగదు. తేట నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమనండి, అవీ గోధుమ రంగుకు తిరుగుతాయి. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ యంత్రం అవసరం సాధారణంగా ఉండదు, పైగా అది సగానికి మించి నీటిని మురుగులోకి వదిలేస్తుంది. ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటిందని ప్రయోగశాల చెబితే అప్పుడు వేరే మాట. ఫ్లోరైడు కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: మా ఊరి నీటి కమిటీ నెలకు ఇంటికి ముప్పై రూపాయలు వసూలు చేయాలనుకుంది. రెండు నెలలు ఇచ్చి మానేశారు. వాల్వు తిప్పే మనిషి కూడా మానేశాడు. ప్రభుత్వం కట్టిన దానికి మేమెందుకు ఇవ్వాలి అంటున్నారు. వారికి ఏమని చెప్పాలి?

జవాబు: వసూలు లెక్క ఎక్కడ కనిపిస్తుందో ముందు చెప్పండి. కమిటీ పెద్ద జేబు పుస్తకంలో ఉన్న లెక్కకు ఎవరూ మూడవ నెల డబ్బు ఇవ్వరు. ట్యాంకు గోడ మీద సున్నం వేసి, ఏ ఇల్లు ఇచ్చింది, వాల్వు మనిషికి ఎంత పోయింది, బ్లీచింగ్ పొడికి ఎంత, మిగిలింది ఎంత అని నెలనెలా రాయించండి.

బరంపురం దగ్గర మొహుదా కేంద్రంగా 1979 నుంచి పనిచేస్తున్న గ్రామ్ వికాస్ సంస్థ గంజాం, గజపతి జిల్లాల కొండ పల్లెల్లో ఊట నీటిని కుళాయిలకు తెచ్చేటప్పుడు రెండు నియమాలు పెట్టింది. ఊళ్లో ఒక్క ఇల్లు కూడా మినహాయింపు లేకుండా అందరూ ఒప్పుకుంటేనే పని మొదలు. సగటున ఇంటికి వెయ్యి రూపాయల చొప్పున మూలనిధి ఊరి పేరనే ఉంటుంది, ఉన్నవారు ఎక్కువ, లేనివారు తక్కువ ఇస్తారు. ఒక్క ఇల్లు బయట ఉన్నా ఆ ఇంటి మురికి అందరి నీటిలోకీ వస్తుందన్నది మొదటి నియమం వెనుక ఉన్న లెక్క. మీ ఊళ్లో కుళాయి రాని ఇళ్లు, వచ్చినా నీళ్లు ఎక్కని ఇళ్లు ఉంటే, ఆ ఇళ్ల నుంచి ముప్పై రూపాయలు అడగడం మానండి. ముందు వాటికి నీళ్లు అందేలా వాల్వు సరిచేయించండి, ఆ నెల నుంచే వసూలు మళ్లీ మొదలుపెట్టండి. వాల్వు తిప్పే మనిషిని ఎన్నుకునేటప్పుడు గొట్టం చివరి ఇంటి నుంచి ఎన్నుకోండి; తన ఇంటికి నీళ్లు చేరే దాకా అతడు వాల్వు కట్టడు.